సమాధానం: నష్టభయం ఎక్కువున్న రంగంలో రాబడి తక్కువగా కనిపించడం గురించి

నష్టభయం పెరిగితే రాబడీ పెరగాలని చదువుకున్నాననీ, మీ లెక్కలో మాత్రం పోటీ తీవ్రంగా ఉన్న రంగాల్లో లాభాలు ఒడిదొడుకులతోనూ తక్కువగానూ వచ్చాయనీ రాశారు. మీ లెక్క తప్పని నేననుకోను. 1980లోనే మేనేజ్‌మెంట్ పరిశోధకుడు బౌమన్ చాలా రంగాల్లో ఇలాంటి విలోమ సంబంధాన్నే చూపారు.

కారణం లాభపు మార్జిన్‌లో ఉంది. రెండు సంస్థల అమ్మకాలు చెరి 100 అనుకోండి. పోటీ మధ్య ఉన్నదానికి 5, పోటీదారులు లేనిదానికి 30 లాభం మిగులుతోంది. ఇద్దరికీ ఖర్చు 2 పెరిగితే, ధర పెంచలేని మొదటి సంస్థ లాభం 40 శాతం పడిపోతుంది, రెండోదానికి దాదాపు 7 శాతమే తగ్గుతుంది. పైగా అది ధర కాస్త పెంచి ఆ తగ్గుదలనూ పూడ్చుకోగలదు. అంటే మార్కెట్ బలం (ధరను తానే నిర్ణయించగల శక్తి) ఒక్కటే లాభాన్ని పెంచుతూ, ఒడిదొడుకులను కూడా అణచివేస్తోంది.

అయితే మీరు చదివిన సూత్రం మదుపరులు ఆశించే రాబడికి సంబంధించినది, ఖాతాల్లోని లాభానికి కాదు. ఈ రెండింటినీ కలిపేయడమే అసలు చిక్కు. పోటీ తక్కువున్న రంగాల షేర్లు సగటున తక్కువ రాబడి ఇచ్చాయని 2006లో హౌ, రాబిన్సన్ అనే పరిశోధకులు అమెరికా మార్కెట్‌పై చూపారు. నష్టభయం తక్కువైతే రాబడీ తక్కువే అన్న ఆ సూత్రానికి ఇది సరిపోతుంది.

కాబట్టి ప్రతి రంగానికీ హెర్ఫిండాల్ సూచీ (మార్కెట్ ఎంత కొద్ది సంస్థల చేతిలో ఉందో చెప్పే కొలత) కట్టండి: సంస్థల మార్కెట్ వాటాలు 50, 30, 20 శాతం అయితే వాటి వర్గాల (స్క్వేర్ల) మొత్తం 3800. దాన్ని నష్టభయంతో గుణించిన పదాన్ని కూడా మీ రిగ్రెషన్‌లో (అంశాల మధ్య సంబంధాన్ని కొలిచే గణాంక లెక్కలో) చేర్చండి. పోటీని బట్టి నష్టభయానికీ రాబడికీ ఉన్న సంబంధం ఎలా మారుతోందో ఆ పదానికి వచ్చే గుణకమే చెబుతుంది.