200 గంటల కంటే ముందు పీఐసీ లెక్క చూసుకో

తమ్ముడూ, 170 గంటలు ఎగిరాను, పీఐసీ (పైలట్-ఇన్-కమాండ్, అంటే విమానం బాధ్యత నీదే అయిన గంటలు) 74 అన్నావు. కంగారు పడకు. కానీ మిగిలిన 30 గంటలూ ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా ఎగిరితే సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) రాదు. డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) అడిగే 200లో 100 పీఐసీ ఉండాలి, అంటే నీకింకా 26. 300 నాటికల్ మైళ్ల క్రాస్‌కంట్రీ (దూర ప్రయాణం), రాత్రి 5 గంటలు, అందులో పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు బాకీ ఉంటే ఆ 26లోనే పూర్తిచెయ్యి. నేను లాగ్‌బుక్‌లో ప్రతి పేజీ అడుగున పీఐసీ మొత్తం పెన్సిల్‌తో వేసుకునేవాణ్ణి. ఈ రాత్రే నువ్వూ మొదటి పేజీ నుంచి కూడు. రేపు పొద్దున్నే సీఎఫ్‌ఐకి (చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌కి) ఆ లెక్క చూపించి సోలో (ఒక్కడివే ఎగిరే) స్లాట్లు అడుగు, మొహమాటపడకు.

1500 గంటలంటావా, అది ఏటీపీఎల్‌కి (ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ కావడానికి కావాల్సిన లైసెన్స్‌కి). కో-పైలట్‌గా చేరడానికి అక్కర్లేదు.