పింగ్ వస్తుంది, పేజీ ఆగిపోతుంది: ఇంటి నెట్‌వర్క్‌లో నిలకడ లేని స్టాటిక్ రూట్

ప్రశ్న: మా ఇంట్లో కింది అంతస్తులో ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన ఫైబర్ రౌటర్ (192.168.1.1) ఉంది. మేడ మీద నేను కొనుక్కున్న రౌటర్ పెట్టి, సీసీ కెమెరాల రికార్డర్‌ను దాని కింద 192.168.2.0 నెట్‌వర్క్‌లో ఉంచాను. మేడ మీది రౌటర్‌లో నాట్ (లోపలి పరికరాల చిరునామాలను రౌటర్ తన చిరునామాగా మార్చి పంపే పద్ధతి) ఆపేసి, 192.168.2.0కు వెళ్లే ప్యాకెట్లను (డేటా ముక్కలను) 192.168.1.2కు పంపమని కింది రౌటర్‌లో స్టాటిక్ రూట్ (చేత్తో రాసిపెట్టే స్థిరమైన దారి) రాశాను. కింది వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి రికార్డర్‌కు (192.168.2.50) పింగ్ (అవతలి పరికరం పలుకుతోందో లేదో చూసే చిన్న పరీక్ష) బాగానే వస్తుంది. కానీ రికార్డర్ పేజీ తెరిచిన కొన్ని నిమిషాలకు బొమ్మ నిలిచిపోతుంది. మళ్లీ తెరిస్తే వస్తుంది. ఫోనులో ఆ పేజీ ఒక్కసారీ తెరుచుకోలేదు. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి పింగ్ కూడా రాదు. రూట్ ఎందుకిలా చెడిపోతోంది?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు రాసినవి ఒకే జబ్బు లక్షణాలు కావు. కరెంటు పోయి వచ్చాక పింగ్ కూడా రాకపోవడానికి కారణం ఒకటి, పింగ్ వస్తూ ఉండగానే పేజీ ఆగిపోవడానికి కారణం వేరొకటి. రెండూ కలిసి కనిపించడం వల్ల రూట్ చెడిపోతోందని అనిపిస్తుంది గాని, మీరు రాసిన రూట్ రాసినట్టే ఉంది. అది చూపించే చిరునామా ఒక్కోసారి వేరే పరికరానికి పోతోంది; ప్యాకెట్లు వెళ్లే దారీ తిరిగి వచ్చే దారీ వేరుగా ఉంటున్నాయి.

మొదటిది తేలిక. మేడ మీది రౌటర్ తన 192.168.1.2 చిరునామాను కింది రౌటర్ నుంచి డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలను తనంతట తానే పంచే పద్ధతి) ద్వారా తీసుకుంటూ ఉండవచ్చు. చాలా ఇంటి రౌటర్లు ఏ పరికరానికి ఏ చిరునామా ఇచ్చాయో తాత్కాలిక మెమరీలోనే దాచుకుంటాయి కనుక, కరెంటు పోతే ఆ పట్టిక చెరిగిపోతుంది. తిరిగి వచ్చినప్పుడు 192.168.1.2 ఏ టీవీకో ఫోనుకో దక్కితే, మీ రూట్ ప్యాకెట్లను ఆ టీవీకి అప్పగిస్తుంది, అది వాటిని పారేస్తుంది. ఇది మళ్లీ జరిగినప్పుడు ల్యాప్‌టాప్ నుంచి 192.168.1.2కు ఒకసారి పింగ్ పంపి, ఏఆర్‌పీ పట్టికలో (ఏ చిరునామా ఏ పరికరానిదో ల్యాప్‌టాప్ రాసుకునే జాబితాలో) ఆ చిరునామా పక్కన ఉన్న మ్యాక్ సంఖ్యను (పరికరం గుర్తింపు సంఖ్యను) మేడ మీది రౌటర్ అడుగున అంటించిన సంఖ్యతో పోల్చి చూడండి. ఒకే రౌటర్‌కు రెండు మూడు మ్యాక్ సంఖ్యలు ఉంటాయి, అవి సాధారణంగా చివరి అంకెల్లోనే తేడాగా ఉంటాయి. పూర్తిగా వేరే సంఖ్య కనిపిస్తే అనుమానం నిజమైనట్టే. పరిష్కారంగా మేడ మీది రౌటర్ వాన్ (బయటి నెట్‌వర్క్‌కు కలిసే వైపు) సెట్టింగుల్లో 192.168.1.2ను స్థిరంగా రాయండి, కింది రౌటర్ పంచే చిరునామాలను 192.168.1.100 నుంచి 192.168.1.199 వరకు మాత్రమే ఉండేలా కుదించండి. ఈ రెండో పని వదిలేస్తే అదే చిరునామా ఇంకొకరికి వెళ్లే ప్రమాదం అలాగే ఉంటుంది.

అసలు చిక్కు రెండోదానిలో ఉంది. మీ ల్యాప్‌టాప్, మేడ మీది రౌటర్ వాన్ పోర్టు, రెండూ ఒకే 192.168.1.0 నెట్‌వర్క్‌లో ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కు 192.168.2.50 ఎక్కడుందో తెలియదు కనుక ప్యాకెట్‌ను తన గేట్‌వే (బయటికి వెళ్లే ప్యాకెట్లకు ద్వారం) అయిన కింది రౌటర్‌కు ఇస్తుంది. అది మీ రూట్ చూసి, వచ్చిన వైపే వెనక్కి తిప్పి మేడ మీది రౌటర్‌కు పంపుతుంది. రికార్డర్ ఇచ్చే జవాబు మాత్రం అలా రాదు. ల్యాప్‌టాప్ మేడ మీది రౌటర్‌కు పక్కనే ఉన్నట్టు లెక్క కాబట్టి జవాబు కింది రౌటర్‌ను తాకకుండా నేరుగా వచ్చేస్తుంది. ప్రతి టీసీపీ (వెబ్ పేజీలు వాడే, ముందు ఇరువైపులా మాట కలుపుకుని సాగే పద్ధతి) సంభాషణనూ మొదటి నుంచి గమనించే ఫైర్‌వాల్ కింది రౌటర్‌లో ఉంటే, అది ల్యాప్‌టాప్ మాటలు మాత్రమే వింటుంది, రికార్డర్ మాట ఒక్కటీ వినదు. సగం సంభాషణను చెల్లనిదిగా లెక్కగట్టి ఆ తరువాతి ప్యాకెట్లను ఆపేస్తుంది. పింగ్‌కు ఇలా ముందుగా మాట కలుపుకునే కరచాలనం లేదు కనుక అది సాగిపోతుంది. పింగ్ వచ్చింది కదా అని రూట్ బాగుందని తేల్చుకోకూడదు.

మరి ల్యాప్‌టాప్‌లో కొన్ని నిమిషాలైనా ఎలా నడుస్తోంది? వచ్చిన వైపే ప్యాకెట్‌ను తిప్పి పంపవలసి వచ్చినప్పుడు రౌటర్ "దీనికి 192.168.1.2 దగ్గరి దారి, ఇకపై అక్కడికే పంపు" అని పంపినవారికి చెప్పవచ్చు. దీని పేరు ఐసీఎంపీ రీడైరెక్ట్; 1981 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 792లోనే ఇది ఉంది. ఆ మాట విన్నంతసేపూ ల్యాప్‌టాప్ నేరుగా మాట్లాడుతుంది. ఆ జ్ఞాపకానికి గడువు తీరగానే ప్యాకెట్లు మళ్లీ కింది రౌటర్‌కు వెళ్లి ఆగిపోతాయి. భద్రత కోసం రీడైరెక్ట్‌ను లెక్కచేయని పరికరాలు కూడా ఉన్నాయి. మీ ఫోను వాటిలో ఒకటి అయి ఉండాలి. నిర్ధారణకు పేజీ నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆగిపోయిన వెంటనే ఇంకోసారి ట్రేసర్ట్ (ప్యాకెట్ దాటే రౌటర్లను వరుసగా చూపే ఆదేశం) నడపండి. మొదటి మజిలీగా ఒకసారి 192.168.1.2, మరోసారి 192.168.1.1 కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

పరిష్కారాలు చాలా ఉన్నా మీ అవసరం ఒక్క రికార్డర్ కనుక నా సలహా ఇది: మేడ మీది రౌటర్‌లో నాట్ తిరిగి పెట్టి, రికార్డర్ వాడే పోర్టులను (ఒక్కో సేవను గుర్తించే సంఖ్యలను) 192.168.2.50కు ఫార్వర్డ్ చేసి (వాటికి వచ్చే ప్యాకెట్లు రికార్డర్‌కు చేరేలా పెట్టి), కింది రౌటర్‌లోని స్టాటిక్ రూట్ తీసేయండి. ఆపై ల్యాప్‌టాప్‌లోనూ ఫోనులోనూ 192.168.1.2 అని తెరిస్తే చాలు. రెండు దిక్కులా ప్యాకెట్లు ఒకే దారిలో నడుస్తాయి. దయచేసి కింది రౌటర్‌లో మాత్రం పోర్టులు ఫార్వర్డ్ చేయకండి. అలా చేస్తే మీ ఇంటి కెమెరాలు ఊరంతటికీ తెరిచినట్టే. మేడ మీద పరికరాలు పెరిగి రూటింగ్ తప్పనిసరి అయితే, రెండు రౌటర్ల మధ్య వైరును 192.168.10.0/30 వంటి (రెండు పరికరాలకే చోటున్న) వేరే నెట్‌వర్క్‌గా చేయడమే సరైన పద్ధతి. అప్పుడు జవాబులు కూడా కింది రౌటర్ మీదుగానే రావలసి ఉంటుంది. అయితే సంస్థలు ఇచ్చే రౌటర్లలో ఒక ల్యాన్ (ఇంటి లోపలి వైపు) పోర్టును ఇలా విడదీసే వీలు తరచుగా ఉండదు. అందుకు సొంత రౌటర్ కావాలి.

ప్రశ్న: ఇటువంటి రూట్‌నే నేను నేరుగా విండోస్ కంప్యూటర్‌లో చేర్చుకున్నాను. బాగా పనిచేసింది గాని, రీస్టార్ట్ చేస్తే పోతోంది. శాశ్వతంగా ఉండాలంటే ఎలా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీరు ఎంచుకున్న పద్ధతి ఒక కంప్యూటర్‌కు చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అది గేట్‌వేను అడగకుండా నేరుగా రెండో రౌటర్‌కే ప్యాకెట్లు పంపుతుంది. రూట్ యాడ్ ఆదేశంలో హైఫన్ పెట్టి పి అనే అక్షరం చేర్చండి. అది లేకుండా చేర్చిన రూట్ రీస్టార్ట్‌తో చెరిగిపోతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ విండోలోనే ఈ పని చేయాలి. తరువాత రూట్ ప్రింట్ ఇచ్చి, అడుగున ఉండే శాశ్వత రూట్ల పట్టికలో మీ వరుస ఉందో లేదో చూసుకోండి. లినక్స్‌లో కూడా ఐపీ రూట్ ఆదేశంతో చేర్చినది తాత్కాలికమే. దాన్ని నెట్‌వర్క్ మేనేజర్‌లో ఆ కనెక్షన్ సెట్టింగుల్లో రాయాలి.