టెక్ సందేహాలు: నాలుగు బ్యాటరీల్లో ఒకటి పోతే ఒకటే మార్చాలా?

సందేహం: ఏటూరునాగారం అవతల పొలం దగ్గర ఇల్లు, కరెంటు లైను లేదు. 3 కిలోవాట్ల సోలార్ ఇన్వర్టర్, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీలు నాలుగు ఉన్నాయి. ఐదో ఏడు నడుస్తోంది. ఒకటి 10.5 వోల్టులు దాటట్లేదు. అదొక్కటే మారిస్తే చాలని మెకానిక్ అంటున్నాడు. లేదంటే లిథియంకు పోవాలా?

జవాబు: ఒక్కటే మార్చకండి. ముసురు పట్టిందంటే చాలు, ఈ ప్రశ్న వరస కడుతుంది.

10.5 అంటే ఆ బ్యాటరీ లోపలి ఆరు సెల్లుల్లో ఒకటి షార్టయినట్టే. నాలుగూ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) ఉన్నాయి కాబట్టి ఛార్జరుకు ఏ బ్యాటరీ సంగతీ విడిగా తెలియదు, మొత్తం 57.6 వోల్టులకు చేర్చాలన్నదే దాని లెక్క. 24 సెల్లులకు పెట్టిన ఆ వోల్టేజీ ఇప్పుడు 23 సెల్లుల మీద పడుతోంది. అంటే బాగున్న ఒక్కో బ్యాటరీకి 14.4 బదులు 15 వోల్టులు. మిగతా మూడూ వేడెక్కి గబగబా నీళ్లు తాగేస్తున్నాయంటే, గదిలో కుళ్లిన గుడ్ల వాసన వస్తోందంటే కారణం ఇదే. ఆ గదిలో హైడ్రోజన్ కూడా చేరుతుంది. ముందు ఛార్జింగ్ ఆపి, కిటికీలు తెరవండి. అగరుబత్తి కూడా వెలిగించొద్దు.

కొత్తది ఒకటి తెచ్చి కలిపితే తిప్పలు ఇంకో వైపు నుంచి మొదలవుతాయి. సల్ఫేట్ పేరుకున్న పాతవాటిలో వోల్టేజీ తొందరగా లేస్తుంది. అన్నీ నిండాయనుకుని ఛార్జరు తగ్గిపోతుంది, కొత్తది సగం కడుపుతోనే ఉంటుంది. రాత్రి పాతవి ముందే ఖాళీ అయినా ఇన్వర్టర్ మొత్తం వోల్టేజీ చూసి లాగుతూనే ఉంటుంది. ఏడాదిలోపు వారంటీలో పోతే ఒకటే మార్చుకోవచ్చు, ఐదో ఏట కాదు. నమ్మకం కుదరకపోతే చెడ్డదాన్ని పక్కన పెట్టి, మిగతావి విడివిడిగా నిండా ఛార్జ్ చేయించాక రెండు గంటలు ఆగి హైడ్రోమీటరుతో (యాసిడ్ చిక్కదనం కొలిచేది) ప్రతి సెల్లూ చూడండి. 1.240 దగ్గర ఉండాలి. సెల్లుకూ సెల్లుకూ 0.030 కన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. నీళ్లు పోసిన వెంటనే మాత్రం కొలవకండి, తప్పు చూపిస్తుంది.

ఇక లిథియం. మీ నాలుగు బ్యాటరీలు కాగితం మీద 7.2 యూనిట్లు. ఎక్కువ కాలం రావాలంటే వాటిలో సగం, అంటే 3.6 యూనిట్లే వాడాలి. 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ 5.12 యూనిట్లు, 80 శాతం వాడినా 4.1 చేతికొస్తాయి. '150 తీసేస్తే 150 పెట్టాలి' అనే దుకాణదారు మాట వినక్కర్లేదు. మిగిలిన డబ్బుతో ప్యానెళ్లు పెంచండి, ముసురు రోజుల్లో పనికొచ్చేవి అవే. మే నెలలో రేకుల షెడ్డులో ఉంచితే మాత్రం ఏ బ్యాటరీ అయినా తొందరగా చస్తుంది. లెడ్ యాసిడ్‌కైతే 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

చవగ్గా వస్తోందని ఆటోల్లోంచి తీసిన సెల్లులతో కట్టిన ప్యాక్ కొనకండి. ఎత్తి చూడండి: ఈ సైజు ప్యాక్ 40 కిలోలకు పైనే ఉండాలి. 25 కిలోలే ఉంటే లోపల 100 ఏహెచ్ లేదు. 3 కిలోవాట్ల లోడుకు బ్యాటరీ నుంచి 70 ఆంపియర్ల దాకా పోతాయి కాబట్టి బీఎంఎస్ (ప్యాక్ లోపల సెల్లులను కాపాడే బోర్డు) 100 ఆంపియర్లది కావాలి. ప్లస్ వైరుకు బ్యాటరీ దగ్గరే డీసీ ఫ్యూజు పెట్టించండి. ఇంటి ఏసీ ఎంసీబీ తెచ్చి బిగిస్తే డీసీ కరెంటు తెగేటప్పుడు లేచే మంటను అది ఆర్పలేదు.

లిథియం పెట్టాక ఇన్వర్టర్‌లో ఛార్జింగ్ 56, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచేది) 54, కటాఫ్ (వాడకం ఆపేది) 48 వోల్టులు పెట్టి, ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్‌కు అప్పుడప్పుడు ఇచ్చే ఎక్కువ వోల్టేజీ ఛార్జింగ్) పూర్తిగా ఆపేయండి. ప్యాక్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకెలుంటే వాటినే పాటించండి. ఈక్వలైజేషన్ ఆన్‌లో ఉంటే మిట్టమధ్యాహ్నం బీఎంఎస్ బ్యాటరీని తెంపేస్తుంది. ప్యానెళ్లు నడుస్తుండగా బ్యాటరీ ఊడితే ఇల్లు చీకటవడమే కాదు, కొన్ని ఇన్వర్టర్లు కాలిపోతాయి కూడా. ఇన్వర్టర్‌కు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేశాక ఈ అంకెలు మళ్లీ చూడండి. చెప్పాపెట్టకుండా బ్యాటరీ రకాన్ని పాత లెడ్ యాసిడ్‌కు మార్చేసే అప్‌డేట్లు రాసేవాళ్లను ఏమనాలో తెలియదు. అంతా సవ్యంగా నడుస్తుంటే అప్‌డేట్ జోలికే పోకండి.

సందేహం: సోలార్ బిగించినాయన ఫోన్‌లో మా ఇంటి బ్యాటరీ మొత్తం కనిపిస్తోంది. మా ఫోన్‌లో సెట్టింగులే తెరుచుకోవట్లేదు. ఇది మామూలేనా? (పరకాల నుంచి)

జవాబు: మామూలే, కానీ ఊరుకోకూడదు. ఆయన తన మెయిల్‌తో ఖాతా తెరిచి, మీకు చూసే హక్కు మాత్రం ఇచ్చాడు. ఛార్జింగ్ వోల్టేజీ మార్చే అధికారం ఆయన దగ్గరుంది. లోడు పడిపోయిందంటే ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి కూడా ఆయన ఫోన్‌కు తెలుస్తుంది. ఆయన మంచివాడే కావచ్చు, ఆ ఫోన్ రేపు ఎవరి చేతిలో పడుతుందో?

అంతకన్నా నన్ను భయపెట్టేది బీఎంఎస్ బ్లూటూత్. చాలావాటికి పాస్‌వర్డే ఉండదు, ఉన్నా 123456 లాంటిది. గోడ అవతల నిలబడి యాప్ తెరిచినవాడు మీ ఇంటికి కరెంటు ఆపేయొచ్చు, ఓవర్‌వోల్టేజీ హద్దు పెంచేసి పోవచ్చు. ఇంటి తాళానికి వందసార్లు ఆలోచించి, వేల రూపాయల ప్యాక్‌కు ఒకటే తాళంచెవి ఊరంతా పంచే తయారీదారులకు సిగ్గుండాలి.

చెల్లింపు పూర్తికాకముందే యజమాని ఖాతా మీ మెయిల్ మీదికి మార్పించుకోండి. కొన్ని బీఎంఎస్‌లలో రెండు పాస్‌వర్డులుంటాయి, ఒకటి చూడటానికి, ఇంకోటి సెట్టింగులకు. రెండుంటే రెండూ మార్చండి. ఇన్వర్టర్‌కు తగిలించే వైఫై డాంగిల్ సొంత హాట్‌స్పాట్ పాస్‌వర్డూ మార్చండి. వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలు వేయకండి. సెట్టింగుల పేజీలు ఫొటో తీసి ఉంచుకుని, నెలకోసారి పోల్చండి. చాలా బీఎంఎస్‌లు ఒకసారికి ఒక ఫోన్‌నే కలవనిస్తాయి కాబట్టి, పక్కనే నిలబడ్డా మీ ఫోన్ కలవకపోతే ఇంకెవరిదో కలిసి ఉందేమో చూడండి. డాంగిల్ ఊడదీసినా ఇన్వర్టర్ మామూలుగానే నడుస్తుంది. రోజూ గ్రాఫులు చూసే అలవాటు లేకపోతే దాన్ని తీసి బీరువాలో పెట్టేయండి.