సర్వే, బేరం, బిల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు రెండు రకాలు. పర్యాటకం మీద ప్రాజెక్టులు చేస్తున్న విద్యార్థులవి కొన్ని, పాతబస్తీలో వ్యాపారం నడుపుతున్నవారివి కొన్ని. అడిగే తీరు వేరైనా అందరిదీ ఒకటే ఇబ్బంది: జనం చెప్పిన మాటకీ, జనం పెట్టిన ఖర్చుకీ పొంతన కుదరడం లేదు.

ప్రశ్న: చార్మినార్‌కి వచ్చే పర్యాటకుల కొనుగోళ్ల మీద ఎం.బి.ఎ. ప్రాజెక్టు చేస్తున్నాను. గూగుల్ ఫారం వాట్సాప్ గ్రూపుల్లో పెడితే 100 జవాబులు వచ్చాయి. మా గైడ్ గారు 385 కావాలన్నారు. మిగతా 285 కోసం ఫారం మళ్లీ పంపితే సరిపోతుందా?
— విద్యార్థిని, నారాయణగూడ

సరిపోదు. ముందు ఆ 385 ఎక్కడిదో చూడండి. జవాబులు సగం సగంగా చీలే సందర్భంలో, 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూ తేడాతో అంచనా కట్టాలంటే 1.96 వర్గాన్ని 0.5తో, మళ్లీ 0.5తో హెచ్చవేసి, 0.05 వర్గంతో భాగిస్తాం. 384.16 వస్తుంది, 385 అనుకుంటాం. అయితే ఈ లెక్కకి ఒక షరతుంది. అక్కడికి వచ్చిన ప్రతి మనిషికీ మీ ఫారంలో పడే అవకాశం ఎంతో ముందే తెలిసి ఉండాలి. వాట్సాప్‌లో దొరికింది మీ స్నేహితులూ, వాళ్ల స్నేహితులూ. అలాంటివి 3,850 పోగైనా వాళ్ల సంగతే తెలుస్తుంది, చార్మినార్ దగ్గర నిలబడ్డ కర్నూలు కుటుంబం సంగతి తెలియదు.

చేయాల్సింది ఇది. వారంలో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి కలిసేలా రెండేసి గంటల విడతలు 24 ఎంచుకోండి. శుక్రవారం తప్పకుండా ఉండాలి. ఆ రోజు మక్కా మసీదు ప్రార్థనలకు వచ్చే జనం వేరు, పైగా సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ మూసి ఉంటాయి కాబట్టి పర్యాటకులు తిరిగే దారే మారిపోతుంది. రంజాన్ నెలలో చేస్తే దాన్ని విడిగా రాయండి, మామూలు నెలలతో కలపొద్దు.

నిలబడే చోటు కూడా విడతకొకటిగా మార్చండి: గుల్జార్‌హౌజ్ వైపు, లాడ్ బజార్ మొదట్లో, మక్కా మసీదు వైపు, సర్దార్ మహల్ వైపు. నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. విడత మొదలయ్యే ముందు 15 నిమిషాలు ఎవరినీ అడక్కుండా గీత దాటే పెద్దవాళ్లను మాత్రం లెక్కపెట్టండి. 90 మంది దాటారనుకోండి, రెండు గంటలకు 720 మంది. 385ని 24 విడతలకు పంచితే విడతకు దాదాపు 16 ఫారాలు కావాలి. ఆపినవాళ్లలో సగం మంది టైం లేదంటారు కాబట్టి 32 మందిని ఆపాలి. 720ని 32తో భాగిస్తే 22.5. అంటే ప్రతి 22వ మనిషి. ఒకరు క్లిక్కర్ పట్టుకుని లెక్కపెట్టాలి, ఇద్దరు అడగాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తే లెక్క తప్పుతుంది, అప్పుడు ఖాళీగా, నవ్వుతూ కనిపించిన మనిషి దగ్గరికే కాళ్లు వెళ్తాయి. 22వ మనిషి వద్దంటే ‘నిరాకరణ’ అని రాసి, మళ్లీ 22 లెక్కపెట్టండి. పక్కనున్నాయన్ని అడిగితే శాంపిల్ అక్కడే చెడిపోతుంది.

కుటుంబాలతో ఇంకో చిక్కుంది. గీత దాటింది అత్తగారైతే జవాబు చెప్పేది కొడుకు. గాజులూ బట్టలూ ఏం కొనాలో తేల్చేది ఆవిడ, ఫారంలో పడేది ఆయన అభిప్రాయం. “మీది కూడా రాసుకుంటాను అన్నా, ముందు అమ్మ చెప్పాలి” అని మర్యాదగా చెప్పి ఆవిడవైపే తిరగండి.

మొదటి ప్రశ్న “మీరు టూరిస్టా?” అని ఉండకూడదు. చుట్టాలింటికి వచ్చినవాళ్లు కాదంటారు, ఉప్పల్ నుంచి వచ్చినవాళ్లు అవునంటారు. “మీరుండేది ఏ ఊరు? ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారు?” అని అడగండి. రోజూ మసిలే పరిసరాలు దాటి, ఏడాదికి లోపు, అక్కడ ఉద్యోగానికి కాకుండా వచ్చినవారు సందర్శకులు. వారిలో రాత్రి ఉండేవారే పర్యాటకులు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ లెక్క ఇదే. వరంగల్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే వారిని వేరే గడిలో రాయండి.

చివరి మెట్టు దగ్గర చాలా ప్రాజెక్టులు జారిపోతాయి. ఉదాహరణకు ఆదివారం సాయంత్రం విడతలో 2,400 మంది దాటారు, మీ 16 మందిలో నలుగురు గాజులు కొన్నారు. మంగళవారం ఉదయం 400 మంది దాటారు, 16లో పదిమంది కొన్నారు. రెండూ కలిపేసి 32లో 14, అంటే 44 శాతం అని రాస్తే తప్పు. ఆదివారం ఒక్కో ఫారం 150 మందికి బదులు మాట్లాడుతోంది, మంగళవారంది 25 మందికి. 2,400లో పావు వంతు 600, 400లో 62.5 శాతం 250. మొత్తం 2,800లో 850 మంది, అంటే 30 శాతం. 44కీ 30కీ మధ్య తేడా ఒక షాపు సరుకు పెట్టుబడిని ముంచగలదు. ఇలా బరువులు వేసినప్పుడు 5 శాతం అనుకున్న తేడా కొంత పెరుగుతుంది, అది కూడా రిపోర్టులో రాయండి. వేరే రాష్ట్రాలవారిని విడిగా చూపాలనుకుంటే వాళ్లు 30 మందే ఉన్నప్పుడు తేడా 18 శాతం దాకా పోతుంది. అప్పుడు వాళ్ల గురించి తీర్పులు వద్దు.

ప్రశ్న: ఖర్చు ఎంతని అడిగితే అందరూ గుండు అంకెలే చెబుతున్నారు. రెండు వేలు, ఐదు వేలు. ఎలా అడగాలి?
— రీసెర్చ్ స్కాలర్, తార్నాక

మొత్తం అడక్కండి. “నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా” అని ఒక్క రోజుకు కుదించి, ఆటో, క్యాబ్, మెట్రో, టిఫిను, భోజనం, చాయ్, టికెట్లు, గది, కొన్న వస్తువులు అని ఒక్కొక్కటే అడగండి. ఫోన్‌లో యూపీఐ హిస్టరీ తెరిచి వాళ్లనే చదవమనండి. స్క్రీన్ మీరు చూడొద్దు, ఫోన్ చేతిలోకి తీసుకోవద్దు. నగదుకి: పొద్దున జేబులో ఎంత, ఏటీఎంలో తీసింది ఎంత, రాత్రికి మిగిలింది ఎంత. మరచిపోయిన చిన్న ఖర్చులన్నీ ఈ తీసివేతలో బయటపడతాయి. ఆ డబ్బు ఎంతమందికి ఖర్చయిందో పక్కనే రాయండి. నలుగురి భోజనాన్ని ఒక మనిషి ఖాతాలో వేయడం ఈ ఫారాల్లో తరచూ కనిపించే తప్పు.

ఎంత కాలానికి అడిగాం అన్నది చిన్న విషయం కాదు. 1999-2000లో జాతీయ నమూనా సర్వే 55వ విడతలో ఆహారం ఖర్చును 7 రోజులకూ 30 రోజులకూ పక్కపక్క గడుల్లో అడిగారు. ఒక గడి జవాబు రెండో గడి మీద పడింది. ఆ ఖర్చుల మీద కట్టిన ఆ ఏటి పేదరికం అంకెల్ని పాతవాటితో పోల్చవచ్చా అని ఏళ్ల తరబడి వాదన నడిచింది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో కూరగాయలు, పళ్లు, గుడ్లు, మాంసం లాంటివి 7 రోజులకు, బట్టలు, చెప్పులు, మన్నికైన వస్తువులు 365 రోజులకు, మిగతావి చాలావరకు 30 రోజులకు అడిగారు. ఎవరి గత పరిశోధనతో పోల్చాలనుకున్నా ముందు వాళ్లు ఎన్ని రోజుల ఖర్చు అడిగారో చూడండి.

ప్రశ్న: లాడ్ బజార్‌లో మాది లక్క గాజుల దుకాణం. బేరాలతో గొంతు పోతోంది. ఫిక్స్‌డ్ రేటు బోర్డు పెడితే గిరాకీ పోతుందని మా నాన్నగారి భయం. తేల్చుకునే దారి ఉందా?
— వ్యాపారి, చార్మినార్

ఉంది, ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి. మొదటి వారం సోమ, బుధ, శుక్ర బోర్డు పెట్టండి, మంగళ, గురు, శని మామూలు బేరం. రెండో వారం తిరగేయండి. ఆదివారాలు ఒకటి విడిచి ఒకటి. ఇలా చేస్తే ఏ వారం రోజుకైనా రెండు పద్ధతులూ నాలుగేసి సార్లు దక్కుతాయి. రంజాన్ నెల, పెళ్లి ముహూర్తాలు దట్టంగా ఉన్న వారాలు ఈ ఎనిమిదిలో పడకుండా చూసుకోండి.

కౌంటర్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి రోజూ ఐదు అంకెలు రాయండి: లోపలికి వచ్చిన గుంపులు, కొన్న గుంపులు, అమ్మిన జతలు, అసలు పోగా మిగిలింది, మాట్లాడే మనిషి ఖాళీ లేక వెనుదిరిగినవాళ్లు. ఈ ఐదోది ఎవరూ రాయరు, మాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం అదే అనిపిస్తుంది. ఒక్క బేరం పావుగంట సాగితే ఆ జత మీద లాభం కనిపిస్తుంది, గుమ్మంలోంచి తిరిగిపోయిన ముగ్గురు కనిపించరు. కాబట్టి బిల్లుకు లాభం కాదు, రోజుకు లాభం పోల్చండి.

పరీక్ష పాడయ్యే దారులు మూడు. బోర్డు రోజున కూడా కుర్రాళ్లు అలవాటుగా “లాస్ట్ ఎంతిస్తారు” అనేస్తారు. ఆ రోజు తగ్గింపు ఇస్తే పుస్తకంలో గుర్తు పెట్టమనండి, తిట్టకండి, తిడితే రాయడం మానేస్తారు. రెండోది బోణీ. పొద్దున తొలి అమ్మకం తక్కువకే వదిలేస్తారు కదా, దాన్ని రెండు రకాల రోజుల్లోనూ లెక్కలోంచి తీసేయండి. మూడోది రేటు. బేరం రోజుల్లో మొదట చెప్పే ధరను బోర్డు మీద రాస్తే ఎవరూ కొనరు. గత నెల రోజుల్లో ఆ రకం జత నిజంగా ఎంతకి తెగిందో సగటు కట్టి అదే రాయండి.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని గురించి బోర్డు పెట్టాలని మీకూ అనిపిస్తుంది, మంచిదే, కానీ ఈ ఎనిమిది వారాలు అయ్యాకే. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఆ ముద్ర వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: పాతబస్తీ నడక యాత్ర మొదలుపెట్టాం. ముందు సర్వేలో 70 శాతం మంది 500 రూపాయలిచ్చి వస్తామన్నారు. తీరా వచ్చింది నలుగురు. సర్వే ఎక్కడ తప్పింది?
— సికింద్రాబాద్

ఊరికే అడిగిన ప్రశ్నకు ఊరికే జవాబు వచ్చింది. ఎదుటి మనిషి ఉత్సాహంగా అడుగుతుంటే రానని మొహం మీద చెప్పడం మనవాళ్లకు చేతకాదు. ఇక నుంచి అడ్వాన్సు కట్టినవారినే లెక్కలోకి తీసుకోండి.

ధర తేల్చడానికి: ఫోన్ చేసినవారిలో ఒకరికి 400, తర్వాతివారికి 600 చెప్పండి. యాత్ర రోజున 600 కట్టినవారికి 200 తిరిగి ఇచ్చేయండి, లేకపోతే పక్కపక్కన నడిచేవాళ్లు మాటల్లో కనిపెట్టి నొచ్చుకుంటారు. 50 మంది చొప్పున అడిగితే 400కి 12 మంది, 600కి 9 మంది కట్టారనుకుందాం. చాయ్, బిస్కెట్, టికెట్లకు మనిషికి 150 పోతే, పరీక్ష కోసం తిరిగి ఇచ్చిన 200 పక్కన పెట్టి చూస్తే, మిగిలేది మొదటి ధరకు 3,000, రెండో ధరకు 4,050. 600 గెలిచినట్టే ఉంది, కానీ 24 శాతానికీ 18 శాతానికీ ఉన్న ఆరు శాతం తేడా మీద పొరపాటు అవకాశం అటూ ఇటూ 16 శాతం. 50 మందితో తేలదు, ఇంకో రెండు నెలలు అలాగే నడపండి.

ప్రశ్న: ప్రశ్నావళి తెలుగులోకి మార్చాక ఫలితాలు వింతగా వస్తున్నాయి. ‘పర్లేదు’ అన్నవారు ఎక్కువైపోయారు.
— అధ్యాపకురాలు, దిల్‌సుఖ్‌నగర్

మధ్య గడికి ‘పర్లేదు’ పెట్టడమే కారణం. ఒకరి నోట అది మెచ్చుకోలు, ఇంకొకరి నోట సర్దుకుపోవడం. ‘బాగానే ఉంది’ కూడా అంతే, ఆ ‘నే’ వల్ల బాగున్నది కాస్తా తగ్గిపోతుంది. ‘అస్సలు ఒప్పుకోను, ఒప్పుకోను, మధ్యస్థం, ఒప్పుకుంటాను, పూర్తిగా ఒప్పుకుంటాను’ అని పెట్టి, ‘తెలియదు’కు వేరే గడి ఇవ్వండి. “ఇక్కడ ధరలు ఎక్కువ కావు” లాంటి వాక్యాలు తీసేయండి. దానికి ‘అవును’ అన్నా, ‘కావు’ అన్నా మనకు ఒకటే అర్థం, ఫారం నింపే కుర్రాడు మాత్రం రెండు వేర్వేరు గడుల్లో వేస్తాడు. తెలుగు ఫారాన్ని అసలు చూడని మనిషితో తిరిగి ఇంగ్లిష్‌లోకి రాయించి పోల్చండి. తర్వాత పదిహేను మందికి చదివి వినిపించి “మీకేం అర్థమైంది?” అని వాళ్ల మాటల్లో చెప్పించండి. పాతబస్తీకి ఉర్దూ ఫారం కూడా ఇదే పద్ధతిలో కావాలి.

సేవల నాణ్యత కొలిచే 1988 నాటి ప్రశ్నావళి సర్వ్‌క్వాల్‌ను పూర్తిగా వాడాలని పట్టుబట్టకండి. అందులో 22 అంశాలు, ఒక్కోదానికి ఆశించింది, అందింది అని రెండేసి, మొత్తం 44 మార్కులు. ఎండలో నిలబడ్డ మనిషి పదో ప్రశ్న నుంచి ఒకే వరుసలో టిక్కులు కొట్టుకుంటూ పోతాడు.

ప్రశ్న: ప్రభుత్వం ప్రకటించే పర్యాటకుల సంఖ్యను సగటు ఖర్చుతో హెచ్చవేస్తే మార్కెట్ ఎంతో తెలుస్తుందా?
— అబిడ్స్

తెలియదు. రాష్ట్రాలవారీ అంకెలు సందర్శనలవి, మనుషులవి కావు. ఒకే మనిషి రెండు చోట్ల లెక్కకెక్కవచ్చు. చుట్టాలింట్లో దిగినవాళ్లు హోటల్ రిజిస్టర్ల లెక్కకు చిక్కరు. ఏటికేడు పెరిగిందా తగ్గిందా చూసుకోవడానికి వాడండి, అదీ లెక్కించే పద్ధతి మారలేదని చూసుకున్నాకే.

ప్రశ్న: జవాబు చెప్పినవారికి ఏమైనా ఇవ్వాలా? ఫోన్ నంబర్ తీసుకోవచ్చా?
— మెహదీపట్నం

చిన్న నీళ్ల సీసా చాలు, అదీ ఫారం అయ్యాక. ముందే చూపిస్తే దాహం వేసినవాళ్లే ఆగుతారు. ఫోన్ నంబర్ మీ పరిశోధనకు పనికిరాదు, అడగ్గానే నిరాకరణలు పెరుగుతాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. ఆ గడిని ఫారంలోంచి కొట్టేయండి.