పెద్ద సంఖ్య 11తో నిశ్శేషంగా భాగమవుతుందో లేదో భాగించకుండా చెప్పవచ్చా?

చెప్పవచ్చు: కుడి నుంచి మొదలుపెట్టి ఒక అంకెను కలుపుతూ, పక్కదాన్ని తీసేస్తూ పోతే చివరికి 0 గానీ 11 గుణిజం గానీ రావాలి. 10 అంటే 11 కంటే ఒకటి తక్కువ, 100 అంటే 99 కంటే ఒకటి ఎక్కువ, 1000 అంటే 1001 కంటే ఒకటి తక్కువ. 99, 1001 రెండూ 11 గుణిజాలే. అందుకే ఒక్కో స్థానం దాటేకొద్దీ గుర్తు మారుతుంది.

విశాఖ మహారాణిపేట పిన్‌కోడ్ 530002 చూడండి: 2−0+0−0+3−5 = 0. భాగమవుతుంది, 11×48182.

సున్నాలతో పనేముందని చాలామంది వదిలేస్తారు. అప్పుడు 532 మిగిలి 2−3+5 = 4 వస్తుంది, లెక్క తప్పుతుంది. సున్నాకు విలువ లేకపోయినా స్థానం ఉంది మరి. అలాగే 0 రాలేదని 209ను కొట్టేయకండి: 9−0+2 = 11, అదీ భాగమవుతుంది (11×19).