బండికి రెండో తాళం కావాలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాది 2017 స్ప్లెండర్. రాత్రిళ్లు ఇంటి ముందు వీధిలోనే పెడతాను. హ్యాండిల్ లాక్ మరవకుండా వేస్తాను. ఈమధ్య మా వీధిలో రెండు బండ్లు పోయాయి. విడిగా తాళం కొనమని ఇంట్లో అంటున్నారు. దొంగ తలచుకుంటే ఏ తాళం ఆగుతుంది, డబ్బు దండగ అని నాకనిపిస్తోంది. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇంట్లోవాళ్ల మాటే వినండి. దొంగ తలచుకుంటే ఏ తాళమైనా పోతుందన్నది నిజమే. కాకపోతే వీధిలో బండ్లు ఎత్తుకెళ్లేవాడు మీ బండే కావాలని రాడు. వరసగా ఉన్న పది బండ్లలో త్వరగా, చప్పుడు లేకుండా కదిలేదాన్ని చూసుకుంటాడు. ఆ వరసలో మీది ఎన్నోదన్నదే లెక్క.

హ్యాండిల్ లాక్‌ను మనం ఉన్నదానికంటే ఎక్కువ నమ్ముతాం. లోపల ఉన్నదల్లా చిటికెనవేలు లావు కూడా లేని ఒక పిన్ను. తాళం తిప్పితే అది బయటికొచ్చి స్టీరింగ్ గొట్టంలో ఒక గాడిలో కూర్చుంటుంది. దాన్ని పట్టుకున్న డొల్ల పోత లోహం. రెండడుగులకు పైగా పొడవున్న హ్యాండిలే దొంగ చేతిలో గడ్డపలుగులా పనిచేస్తుంది. ఒక్క ఊపుకి విరిగే బండ్లు ఎన్నో ఉన్నాయి. అయినా హ్యాండిల్ లాక్ మానకండి, ఆకతాయి పిల్లల్ని అది ఆపుతుంది.

మీ బండి విషయంలో ఇంకొకటి చూడాలి. ఎనిమిదేళ్లు దాటిన బండిలో తాళంచెవి పళ్లూ, లోపలి రేకులూ అరిగిపోతాయి. అప్పుడు పక్క బండి తాళంచెవితో కూడా ఇది తిరగొచ్చు. పరీక్ష సులువు: ఇంజిన్ నడుస్తుండగా తాళంచెవిని మెల్లగా బయటికి లాగండి. వచ్చేసిందా, లాక్ అరిగినట్టే. కొత్త తాళంచెవి చేయిస్తే సరిపోదు, లాక్‌సెట్ మొత్తం మార్చాలి. అంటే ఇగ్నిషన్, ట్యాంకు మూత, సీటు లేదా సైడ్ కవర్ తాళం. మూడూ ఒకే తాళంచెవికి వచ్చే సెట్టు అడగండి.

ఇక రెండో తాళం. మీది డ్రమ్ బ్రేక్ అయితే డిస్క్ లాక్ (బ్రేకు డిస్క్ రంధ్రంలో పిన్ను దూర్చి వేసే తాళం) మాటే లేదు. గొలుసు కొనాలి. హార్డ్‌వేర్ కొట్లో మీటరు లెక్కన తూచి ఇచ్చే 6 మి.మీ. గొలుసు వద్దు, బోల్ట్ కట్టర్‌కి అది తోటకూర కాడ. గట్టిపరచిన ఉక్కుతో చేసిన 10 మి.మీ. లింకుల గొలుసు తీసుకోండి. నిజంగా గట్టిపరచినదో కాదో కొట్లోనే తేల్చుకోవచ్చు. ఒక లింకు మీద ఆకురాయి పెట్టి గీయండి. రాయి జర్రున జారిపోయి, గీత పడీపడనట్టు ఉంటే మంచిదే. గీసినచోట తెల్లగా మెరిసి రజను రాలితే అది మెత్తని ఇనుము. పైన బట్ట తొడుగు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

తాళంకప్ప విషయంలోనే చాలామంది బోల్తా పడతారు. గొలుసు 10 మి.మీ. ఉండి కప్ప కమ్మీ 6 మి.మీ. ఉంటే మీరు కొన్నది 6 మి.మీ. తాళమే. కమ్మీ కనీసం గొలుసు లింకంత లావుండాలి. తాళం వేశాక అది బయటికి ఎంత తక్కువ కనిపిస్తే అంత మంచిది.

వేసే పద్ధతి: గొలుసు వెనక చక్రంలోంచి వెళ్లాలి. ముందు చక్రం ఒక ఇరుసు విప్పితే ఊడొస్తుంది. పుల్లల చక్రమైతే ఒకటి రెండు పుల్లల చుట్టూ తిప్పి ఊరుకోకండి, పుల్లల్ని కటింగ్ ప్లయర్‌తో తెంపేస్తారు. రిమ్ము, టైరు రెండూ గొలుసు లోపలికి రావాలి. అక్కణ్నుంచి వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్‌ఆర్మ్ చుట్టూ తిప్పి, గేటు స్తంభానికో కిటికీ ఊచకో బిగించండి. మీటరున్నర పొడవు సరిపోతుంది. గొలుసు నేలకు ఆనకూడదు. నేల మీద పడి ఉంటే కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి ఒంటి బరువంతా రెండో పిడి మీద వేస్తారు, లేదా సుత్తితో కొడతారు. గాలిలో వేలాడితే ఆ ఊతం దొరకదు.

కట్టడానికి స్తంభం లేదంటారా? ఇంట్లోనో పక్కింట్లోనో ఇంకో బండి ఉంటే రెండింటినీ కలిపి కట్టండి. జంటను మోసుకెళ్లడం తేలిక కాదు.

ప్రశ్న: నా స్కూటర్‌కి ముందు డిస్క్ ఉంది. ఆఫీసు దగ్గర, రైతుబజారు దగ్గర పెట్టడానికి డిస్క్ లాక్ కొందామనుకుంటున్నాను. తాళం ఉందని మరిచిపోయి బండి తీస్తే పడిపోతామని భయపెడుతున్నారు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: భయం ఉత్తదేమీ కాదు. డిస్క్ లాక్‌తో జరిగే నష్టాల్లో దొంగ వల్ల కంటే మతిమరుపు వల్ల జరిగేవే ఎక్కువ ఉంటాయేమో. తాళం వేసిన సంగతి మరిచి యాక్సిలరేటర్ తిప్పితే చక్రం కొంత తిరిగి, లాక్ క్యాలిపర్‌కో (డిస్క్‌ను పట్టి ఆపే బ్రేకు భాగం) ఫోర్క్‌కో తగిలి టక్కున ఆగుతుంది. బండి పక్కకు ఒరుగుతుంది. డిస్క్ వంకర పోయినా పోవచ్చు, అప్పుడు బ్రేకు పట్టినప్పుడల్లా లివర్ వేళ్ల కింద కొట్టుకుంటుంది.

దీనికి రెండు జాగ్రత్తలు. ఒకటి, లాక్‌తో పాటు స్ప్రింగులా చుట్టుకుని ఉండే రిమైండర్ తీగ అమ్ముతారు. ఒక కొస లాక్‌కి, ఇంకో కొస యాక్సిలరేటర్ పిడికి తగిలించండి. ఎర్రదో పసుపుదో తీసుకోండి, నల్లది కంటికి ఆనదు. రెండు, లాక్‌ని క్యాలిపర్‌కి బాగా దగ్గరగా, బండి ముందుకు కదిలితే వెంటనే దానికి ఆనేలా వేయండి. చక్రానికి తిరిగే జాగా లేకపోతే వేగం పుంజుకోదు, దెబ్బా తగలదు.

కొనేముందు డిస్క్‌లోని రంధ్రం కొలవండి. కొలపరికరం లేకపోతే డ్రిల్లు బిట్లే చాలు. 5, 6, 8 మి.మీ. బిట్ల వెనక భాగం గుచ్చి చూడండి, ఏది బిగువుగా దూరితే అదే కొలత. లాక్ పిన్ను అంతకంటే సన్నగా ఉండొచ్చు గానీ మరీ సన్నమైతే ఆడుతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే డిస్క్ పక్కనే గాడులున్న సన్నటి రింగు కనిపిస్తుంది. లాక్ దానికి తగలకూడదు, వంగితే ఏబీఎస్ లైటు ఆరదు. దూరం నుంచి వచ్చి ఆపగానే డిస్క్‌ను ముట్టుకోకండి, చెయ్యి కాలుతుంది.

ఇది పగటి తాళం. చక్రం దొర్లకుండా ఆపుతుందే గానీ స్కూటర్‌ని నేలకు కట్టదు. స్కూటర్ బరువు నూటపది కిలోల లెక్కలో ఉంటుంది, ఇద్దరు మగాళ్లు ఎత్తగలరు. జనం తిరిగే చోట అలా ఎత్తే ధైర్యం చేయరు కాబట్టి మీ అవసరానికి సరిపోతుంది.

ప్రశ్న: అలారం మోగే డిస్క్ లాక్ మేలా, మామూలుదా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: డబ్బు పిన్ను లావు మీద పెట్టండి, కూత మీద కాదు. చాలావాటిలో గుండీల్లాంటి ఎల్ఆర్44 బ్యాటరీలు ఆరు ఉంటాయి. వానాకాలంలో చెమ్మ చేరి అవి కారితే లోపలి రేకులు తుప్పు పడతాయి. పక్కనుంచి లారీ వెళ్లినా, కుక్క రాసుకున్నా మోగుతుంది. వారం తిరిగేసరికి వీధిలో ఎవరూ పట్టించుకోరు. ఇంటి వాకిట్లో, మీకే వినిపించే చోట పెడితే మాత్రం ఉపయోగమే.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా క్లాసిక్ 350 పెడతాను. వాచ్‌మన్ ఉన్నాడు, సీసీ కెమెరాలున్నాయి. నేలకు కొక్కెం వేయించుకోవచ్చా? జీపీఎస్, దొంగ స్విచ్ (ఇంజిన్‌కి కరెంటు అందకుండా ఆపే, కనిపించని స్విచ్) కూడా పెట్టించమని మెకానిక్ చెబుతున్నాడు.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: కెమెరా చోరీని ఆపదు, చూపిస్తుందంతే. మీ బండి బరువు 195 కిలోలు. తోసుకెళ్లడం కష్టమే, కానీ చిన్న ట్రాలీ తెచ్చేవాళ్లకు అది అడ్డు కాదు. కాబట్టి కొక్కెం మంచి ఆలోచన. ముందు అసోసియేషన్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆ తర్వాత మీ నేల కింద ఏముందో చూడండి. కింద మట్టే ఉంటే తవ్వొచ్చు. కింద ఇంకో సెల్లార్ ఉంటే మీరు నిలబడింది స్లాబు మీద. దాన్ని తవ్వకూడదు, డ్రిల్లూ పెట్టకూడదు. పిల్లర్ జోలికి ఎలాగూ వెళ్లొద్దు.

మట్టి నేలైతే: 8 అంగుళాల పొడవు, వెడల్పు, లోతున్న గుంత తీయించండి. 16 మి.మీ. కడ్డీని తిరగేసిన యూ ఆకారంలో వంచి, రెండు కాళ్లూ 6 అంగుళాలు లోపలికి వెళ్లేలా, కొసలు బయటివైపు మడిచి ఉండేలా చేయించండి. మడత లేకపోతే గడ్డపలుగుతో పీకితే ఊడొస్తుంది. పైకి రెండంగుళాలు మిగిలితే గొలుసు దూరుతుంది. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో పోసి, ఏడు రోజులు తడుపుతూ ఉంచండి. మర్నాడే బండి కట్టి గుంజితే పగుళ్లు వస్తాయి. కొక్కేనికి పసుపు రంగు వేయండి, లేకపోతే మొదట తట్టుకుని పడేది మీ అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లే.

జీపీఎస్ విషయంలో కరెంటు లెక్క చూసుకోవాలి. బండి ఆగి ఉన్నప్పుడు 20 మిల్లీ ఆంపులు లాగే ట్రాకర్ రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్ తినేస్తుంది. 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఎనిమిది రోజుల్లో సగానికి పడుతుంది, సెల్ఫ్ అందుకోదు. ఊరెళ్లి పది రోజులకు వచ్చి చూస్తే బండి ఉంటుంది, ప్రాణం ఉండదు. ఆగినప్పుడు నిద్రపోయే రకం, సొంత బ్యాటరీ ఉన్న రకం తీసుకోండి. సెల్లార్‌లో సిగ్నల్ అందకపోవచ్చు, బండి బయటికి వచ్చాకే అది పలుకుతుంది. ఏటా సిమ్ రీచార్జి చేయకపోతే అసలే పలకదు.

దొంగ స్విచ్ చవక, బాగా పనిచేస్తుంది. దాన్ని అతికే తీరులోనే తేడాలొస్తాయి. తీగలు మెలిపెట్టి టేపు చుడితే ఒక వానకాలం గడిచేసరికి జాయింటు వదులవుతుంది. హైవే మీద లారీ ముందు ఇంజిన్ ఆగిపోతే దొంగ కంటే ప్రమాదం. టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగమనండి. వారంటీ ఉన్నంతకాలం తీగ కోయించకపోవడమే మేలు. కార్బ్యురేటర్ ఉన్న పాత బండ్లవాళ్లకు పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది: పెట్రోల్ కాక్ మూసేయడం. కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలుతో బండి ఒకటి రెండు వీధులు వెళ్లి ఆగిపోతుంది.

ప్రశ్న: ఇన్సూరెన్స్ ఐదేళ్లకు కట్టేశాను. ఇక తాళం ఖర్చు ఎందుకు? పోతే డబ్బొస్తుంది కదా.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు పాలసీ కాగితం తీసి చదవండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) తప్పనిసరి. దాంతోపాటు సొంత నష్టానికి వర్తించే భాగం చాలా పాలసీల్లో ఒక్క ఏడాదికే ఉంటుంది. చోరీ ఆ భాగంలోకే వస్తుంది. అది ముగిసిపోయి ఉంటే మీ చేతిలో ఉన్నది థర్డ్ పార్టీ ఒక్కటే. బండి పోతే దాని కింద రూపాయి రాదు.

ఆ భాగం ఉన్నా వచ్చేది కొన్న ధర కాదు, ఐడీవీ, అంటే తరుగు తీసేశాక పాలసీలో రాసే బండి విలువ. రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు బండికి 30 శాతం, నాలుగు దాటి ఐదేళ్ల లోపు దానికి 50 శాతం తరుగు తీస్తారు. లక్ష రూపాయల బండికి మూడో ఏట దక్కేది సుమారు 70 వేలు. రిజిస్ట్రేషన్‌కి కట్టింది అందులో కలవదు. రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అదనపు కవరు తీసుకున్నవాళ్లకే పూర్తి మొత్తం.

తాళం వేయలేదని మాత్రమే క్లెయిము కొట్టేయమని పాలసీలో రాసి ఉండదు. అయితే బండిని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలన్న షరతు ఉంటుంది. తాళంచెవి బండికే వదిలేసి టీ తాగడానికి వెళ్తే ఆ షరతు మీకు ఎదురు తిరుగుతుంది. కంపెనీ రెండు తాళంచెవులూ అడుగుతుంది. ఒకటి ఎప్పుడో పారేసుకుని ఉంటే ఇప్పుడే లాక్‌సెట్ మార్చి, బిల్లు దాచుకోండి.

బండి పోయిందని తెలిసిన రోజే 112కి చెప్పి, స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ చేయించండి. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 303(2) కింద వస్తుంది. మా పరిధి కాదన్నా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాల్సిందే, కాపీ ఉచితం. కంపెనీకి కూడా అదే రోజు తెలపండి. పోలీసులకు వెంటనే చెప్పి, కంపెనీకి చెప్పడంలో మాత్రం ఆలస్యమైన ఒక ట్రాక్టర్ చోరీ కేసులో, ఆ ఒక్క కారణంతో క్లెయిము తోసిపుచ్చరాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ తీర్పును నమ్ముకుని కూర్చోకండి, కోర్టుదాకా వెళ్లడానికి ఏళ్లు పడుతుంది. తర్వాత ఆచూకీ దొరకలేదన్న పోలీసుల తుది నివేదిక, ఆర్సీ, బండిని కంపెనీ పేరిట బదిలీ చేయడానికి సంతకం చేసిన 28, 29, 30 ఫారాలు, అప్పు తీరి ఉంటే 35వ ఫారం అడుగుతారు. నెలలు పట్టే పని.

తాళం బిగిస్తే ప్రీమియం తగ్గుతుందా అని కొందరు అడుగుతుంటారు. వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన పరికరానికి పాత మోటార్ టారిఫ్‌లో సొంత నష్టం ప్రీమియం మీద రెండున్నర శాతం తగ్గింపు ఉంది. ఆ ప్రీమియం 1,200 అయితే తగ్గేది 30 రూపాయలు. సంతోషం.

ప్రశ్న: గొలుసు తాళం వానకు బిగుసుకుపోయింది. తాళంచెవి సగమే తిరుగుతోంది. ఇంజినాయిల్ పోయవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దు. చిక్కటి నూనెకు దుమ్ము పట్టి, నెలకు అది జిగురుముద్ద అవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగి, తాళంచెవిని లోపలికీ బయటికీ ఆడించండి. నల్లటి మురికి కారితే గుడ్డతో తుడిచి మళ్లీ కొట్టండి. బలవంతంగా తిప్పకండి, తాళంచెవి లోపలే విరిగితే గ్రైండర్ తప్ప దారి లేదు. ఆరాక కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేయండి. సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో నెలకోసారి ఇలా చేయాలి. కప్ప వేసేటప్పుడు కన్నం కిందికి చూసేలా వేస్తే సగం నీళ్లు లోపలికే పోవు. రెండో తాళంచెవి బండి సీటు కింద కాకుండా ఇంట్లో పెట్టుకోండి.