రిటైరయ్యాక నవలా రచయిత కావచ్చా?

ప్రశ్న: విశాఖ స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాను. గాజువాకలో ఉంటాను. ఇప్పుడు నవలలు రాయడం మొదలుపెట్టొచ్చా?

జవాబు: తప్పకుండా. అయితే దీన్ని రెండో జీతం అనుకోకండి. తెలుగులో చాలా నవలలు రచయితలే సొంత డబ్బుతో వేసుకుంటున్నారు.

మీ అసలు ఆస్తి మీరు చూసిన మనుషులు. ఆర్ కార్డు (ప్లాంటుకి భూమి పోయిన కుటుంబాలకి ఇచ్చిన పునరావాస కార్డు) మీద వచ్చే ఉద్యోగం అన్నకా, తమ్ముడికా అని ఒక నిర్వాసితుల ఇంట్లో మొదలైన తగువు, బి షిఫ్ట్ దిగి ఇంటికొచ్చినవాడి చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు: ఇవి బయటివాళ్లకి దొరకవు. చేరిన రోజు నుంచి వీడ్కోలు సభ దాకా వరసగా రాస్తే మాత్రం అది ఆత్మకథ. శాలువా కప్పిన ఘట్టం ఇంట్లోవాళ్లు కూడా చదవరు! ఒక్క తగువు పట్టుకుని దాని వెంట వెళ్లండి. మాటల్లో 'ఏటి', 'ఎల్లిపోనాడు' ఉంటే అలాగే ఉంచండి, పుస్తక భాషలోకి దిద్దొద్దు.

వయసు గురించి బెంగ వద్దు. విశాఖలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కథా రచయిత కాళీపట్నం రామారావు గారు శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ 'కథానిలయం' పెట్టింది రిటైరయ్యాకే, 1997లో. వీలైతే వెళ్లి చూడండి, పాత కథలు చదవండి.

ఫోన్‌లో యూనికోడ్‌లోనే (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా కనిపించే తెలుగు అక్షరాలు) టైప్ చేసుకోండి. పుస్తకం పేజీలు కట్టే డీటీపీ వాళ్లు 'అను' అనే పాత రకం ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు చెదురుతుంటాయి, కాబట్టి చివరి ప్రూఫ్ మీరే చూసుకోవాలి. ఐఎస్‌బీఎన్ నంబరు (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) మన దేశంలో ఉచితం, దానికి ఎవరికీ డబ్బులివ్వకండి.